కంపెనీ మూతబడినచో నెంబరు ఎవరిది?

చెరువు తూము చెడినంతమాత్రమున ఆయకట్టు చెడదు. నీరుగంటివాడు పని మానుకొని పోయినను మడిమడికిని గల నీటిహక్కు వానివెంట పోదు. చెరువు పేరునే ఊరిపేరుగ ధరించిన కొత్తచెరువు వాసులకు ఈ న్యాయమును ఎవరును బోధింప నక్కరలేదు. కాని టెలిఫోను నెంబరుల విషయమున మన పాలకులు ఇంత చిన్న న్యాయమును శాసనముగ వ్రాయజాలకున్నారు. కంపెనీ మూతబడి తన నెంబరులను వదలుకొన్నచో, వానిని వాడుకొనుచున్న జనుల గతి యేమి?

మొదట నెంబరు ఎవరిదో తేల్చుకొందము. అది కంపెనీ తయారుచేసిన సరుకు కాదు. 2003 నాటి జాతీయ నెంబరుల ప్రణాళిక ననుసరించి కేంద్ర టెలికాం శాఖ కంపెనీలకు నెంబరులను కట్టలు కట్టలుగ పంచిపెట్టినది. పదంకెల మొబైలు నెంబరులో మొదటి యైదంకెలను ఒక కంపెనీకి కేటాయించినచో వాని వెనుక లక్ష నెంబరులు ఆ కంపెనీ అధీనమున నుండును. అది అధీనమే గాని స్వామ్యము కాదు. చెరువు ప్రజలది, కంపెనీ నడుమ నీరుగంటి మాత్రమే.

నెంబరు పోయిన నేమి, మరియొకటి కొనరాదా యని పట్టణపు పెద్దలు కొందరు అనవచ్చును. ఈ అనంతపురపు కరవునేల నుండి వాన తప్పిన యేట బెంగుళూరునకు కూలికి పోవువానిని అడిగి చూడుడు. ఉపాధిహామీ కూలి జమయైన వార్త, బ్యాంకు పంపు రహస్యపు అంకెలు, ఆధారు ధ్రువీకరణము, మేస్త్రీ పిలుపు, అన్నియు నా పదంకెలకే వచ్చును. అవి పోయిననాడు వాని సొమ్ము వానికే అందని పండగును. దానిని సరిచేసికొనుటకు కూలి మానుకొని, బస్సు చార్జీ పెట్టుకొని, సొంతయూరి బ్యాంకు వాకిట నిలువవలయును.

నెంబరు మార్చకయే కంపెనీని మార్చుకొను హక్కు మనకు లేకపోలేదు. ట్రాయ్ సంస్థ 2009 లో చేసిన నిబంధనలు 2010 నవంబరు 25 న హర్యానాలోను, 2011 జనవరి 20 న దేశమంతటను ఆచరణలోనికి వచ్చినవి. 2015 జూలై 3 నుండి ఆంధ్ర సర్కిలు నెంబరును కర్ణాటక సర్కిలునకు గూడ తీసికొనిపోవచ్చును. వలసకూలికి ఇది మేలైన నిబంధనయే. కాని బ్రతికియున్న కంపెనీని విడుచువానికి పనికివచ్చు ఈ హక్కు, చచ్చుచున్న కంపెనీలో చిక్కుకొన్నవానికి పనికిరాకున్నది. మారదలచినవాడు ఆ ఫోను నుండియే 1900 నకు సందేశము పంపి, ఎనిమిది అక్షరాంకెల సంకేతమును ఆ ఫోనుకే తెప్పించుకొనవలయును. టవరు ఆరిపోయిన పిమ్మట సందేశము పోవు టెట్లు? సంకేతము వచ్చు టెట్లు? బావి పూడ్చి చేద చేతికిచ్చినట్లున్న దీ యేర్పాటు!

ఇది ఊహ కాదు, జరిగిన కథ. రిలయన్సు కమ్యూనికేషన్సు 2017 డిసెంబరు 1 న మాటల సేవను నిలిపివేసినది. ఆ నెలాఖరులోగ మారుకొనుడని జనులకు చెప్పిరి. 2018 ఫిబ్రవరిలో ఎయిర్‌సెల్ దివాలా తీసినది. ఆ కంపెనీ నెంబరులు గలవారికి గడువుపై గడువు పొడిగించుచు 2019 అక్టోబరు 31 వరకు లాగుకొని పోయిరి. గడువు ఇచ్చుట మంచిదే. కాని మొదటినుండి స్థిరమైన నియమమే యున్నచో, ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వ బూనుట యెందులకు?

ఇంకొక వింత గమనింపుడు. 2018 మే నెలలో టెలినార్, 2019 జూలైలో టాటా మొబైలు వ్యాపారము ఎయిర్‌టెల్‌లో కలిసిపోయినవి. అప్పుడు ఆ నెంబరులు గలవారిని ఎవరును సంకేతము అడుగలేదు. నెంబరులు గంపగుత్తగ కొత్త యజమాని పద్దులోనికి చేరినవి. కంపెనీలు జనులను కొనుచు అమ్ముచున్నప్పుడు నెంబరు నిమిషములో గట్టు దాటును. కంపెనీ మునిగి, జనుడు తన నెంబరును తాను కాపాడుకొనవలసి వచ్చినప్పుడు మాత్రము నూరు కొర్రీలు! యంత్రమునకు చేతకానిది కాదు. చేయవలెనను బుద్ధియే కరవైనది.

లైసెన్సు వదలుకొనదలచిన కంపెనీ సర్కారునకు 60 దినములు, జనులకు 30 దినములు ముందుగ నోటీసు ఇయ్యవలెనని ఏకీకృత లైసెన్సులో వ్రాసిరి. పరరాష్ట్రమున ఇటుకలు మోయువానికి 30 దినములు ఏ మూలకు? నిలిచిపోయిన నెంబరును 90 దినముల వరకు కొత్తవారికి ఇయ్యమని 2023 లో ట్రాయ్ సుప్రీంకోర్టునకు విన్నవించినది. ఆ పిమ్మట ఒకని బ్యాంకు రహస్యము వేరొకని చేతిలో పడినచో బాధ్యు లెవ్వరు?

మునిగిన కంపెనీ టవరులను ఎట్లు నడుపును, డబ్బెక్కడిది యని యాక్షేపించువారు కలరు. టవరులు నడుపుమని మేము కోరుట లేదు. బ్రిటనులో మారిన నెంబరునకు వచ్చు పిలుపు పాత కంపెనీ యంత్రముల మీదుగనే పోవు పద్ధతి యుండెను. అందువలన 2001 లో అట్లాంటిక్ టెలికాం కూలినప్పుడు ముందే మారినవారు సైతము ఇక్కట్లపాలైరి. ఆ పద్ధతిని మార్పుడని 2007 లో ఆఫ్‌కాం ఆజ్ఞాపింపగా, అప్పీలుపై 2008 లో ఆ యాజ్ఞ కొట్టుపడినది. మన పద్ధతి అంతకంటె మేలు. ఇచ్చట పిలుపు బయలుదేరినచోటనే కేంద్రపట్టికను విచారించి, నేరుగ కొత్త కంపెనీకి పోవును. 2019 డిసెంబరు 16 నుండి సంకేతమును పుట్టించు పనియు పాత కంపెనీని తప్పించి ఆ పట్టిక నడుపు సంస్థకే అప్పగించిరి. ఇంత సాధనసంపత్తి చేతిలో నుండగా, చచ్చిన కంపెనీ ఫోను నుండి సందేశము పంపుమని పట్టుపట్టుట అన్యాయము గాక మరేమి?

కనుక మా కోరిక లివి. కంపెనీ నెంబరులను వదలుకొన్నంతనే వానిని వాడుకొనుచున్నవారి పేరులతో సహా పట్టిక సంస్థ స్వాధీనము చేసికొనవలెను. తన గుర్తింపు చూపినవానికి ఏ కంపెనీ దుకాణముననైనను, సందేశముతో పనిలేక, రుసుము లేక నెంబరు మార్చి యియ్యవలెను. రెండేండ్ల వరకు ఆ నెంబరును అన్యులకు ఇయ్యరాదు. ముందుగ చెల్లించిన సొమ్ములో మిగిలినది వానికి తిరిగి రావలెను. స్థిర టెలిఫోనునకు ఈ మార్పుహక్కు లేనేలేదు. దుకాణపు పలకపై దశాబ్దములుగ వ్రాసికొన్న నెంబరును కాపాడుకొను మార్గమును వర్తకునకును చూపవలెను.

నేడు కంపెనీలు కొద్దియే మిగిలినవి, ఇక మునుగునవి లేవని ధీమా పడరాదు. వాన లేని యేట చెరువుగట్టు బాగుచేసినవాడే వరదనాడు ఊరిని నిలుపుకొనును. పఠనమందిరములలో దీనిని చదువు సోదరులు తమ పార్లమెంటు సభ్యునకు ఒక యుత్తరము వ్రాసి, ఈ నియమము ఎప్పుడు వచ్చునని నిలదీయవలెను. అడుగనివాని మడికి నీరు చివరనే వచ్చును.