కారునకు రెండు హారనులు

ఒక్క హారనుతోనే మన వీథులు దద్దరిల్లుచుండగా రెండవది కూడనా యని పాఠకులు కొందఱు నవ్వవచ్చును. మేము దీనిని పరిహాసమునకు ఎత్తుకొనలేదు. శ్రీశైలము ఘాటురోడ్డులో మలుపున కావల వచ్చు బస్సునకు వినబడవలసిన ధ్వని వేఱు. రైతుబజారు వీథిలో కూరల సంచితో నడచు వృద్ధురాలికి వినబడవలసిన ధ్వని వేఱు. ఒకే కంఠముతో ఇరువురను హెచ్చరింపబూనినచో బస్సునకది చాలదు, ఆ ముసలమ్మకు గుండె యదరును. ఐరోపాఖండమున కొన్ని కార్లకు ఊరికొక హారను, బాటకొక హారను అమర్చి, కావలసినదానిని స్విచ్చితో ఎన్నుకొను ఏర్పాటు పూర్వమే చేసియుండిరి.

పని కష్టమైనది కాదు. అయిదు పిన్నుల రిలే యొకటి చాలును. ఇదివఱకు హారనునకు పోవు కరెంటు తీగను 30వ పిన్నునకు కలిపి, 87ఎ నుండి మెత్తని హారనునకును, 87 నుండి పెద్ద హారనునకును తీగలు లాగవలెను. 85, 86 పిన్నులలో ఒకటి కారు బాడీకి ఎర్తు. రెండవది డ్రైవరు ముందున్న స్విచ్చి ద్వారా ఫ్యూజు గల తీగకు. స్విచ్చి వేయనంతవఱకు మెత్తనిదే మ్రోగును. రిలే దండుగ యని హారను కరెంటంతయు చిన్న స్విచ్చి గుండనే పంపువారు కలరు. 12 వోల్టుల హారను ఒక్కొక్కటి నాలుగైదు ఆంపియర్లు త్రాగును. అట్టి స్విచ్చి కొన్నాళ్లకు మాడిపోయి, అవసరమైన క్షణమున కారు మూగవోవును.

మా పట్టుదల యంతయు 87ఎ మీదనే. దానికి మెత్తనిది తగిలించినచో, స్విచ్చి తీగ తెగినను హారను మూగవోదు. ఘాటురోడ్డుమీద కొంత తక్కువగా వినబడుటయే నష్టము. పెద్దది తగిలించినచో, డ్రైవరు మఱచిన ప్రతిసారియు ఊరు అదరిపడవలసినదే.

అయితే ఈ స్విచ్చికి మఱియొక వినియోగము కలదు. తనిఖీవేళ సాధుహారను, తనిఖీ దాటగానే సన్నాయిమేళము! 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనలలో 119వది, స్వరములు మార్చి మార్చి మ్రోగు హారనులను, కర్కశధ్వని చేయువానిని నిషేధించినది. స్విచ్చి వెనుక దాగినంతమాత్రమున అవి చట్టసమ్మతములగునా? 2019 సవరణలోని 194ఎఫ్ సెక్షను అనవసరముగా హారను మ్రోగించినవానికి మొదటిసారి 1000, పిమ్మట 2000 రూపాయల జరిమానా విధించుచున్నది. ఇక ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానముల చుట్టు 100 మీటర్లకు తక్కువ కాని నిశ్శబ్ద మండలములలో మెత్తనిది కూడ కూడదు. అచట డ్రైవరునకు మిగిలినది బ్రేకు మాత్రమే.

రవాణాశాఖ తనిఖీ అధికారులు ఇకమీదట హారనునొకసారి నొక్కి తృప్తి చెందక, స్విచ్చిని అటునిటు త్రిప్పి రెండుమారులు నొక్కి చూడవలెనని కోరుచున్నాము.