సైకిల్ తుడిచే పిల్లకు సంబంధం రాదట!

మొన్న తాండూరు నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, పిల్లకు సంబంధాలు చూస్తున్నం. బయోడేటా జర మంచిగ రాసియ్యవా? నువ్వు తెలుగు చదువుకున్నవ్ గదా" అంది. బీఏ తెలుగు చదివి, ఇరవై ఏళ్ళుగా పాల లెక్కలు, చీటీల లెక్కలు తప్ప ఇంకేమీ రాయని నాకు ఆ మాటకు భలే సంబరమైంది. వంటిల్లు సర్దేసి కూర్చున్నాను. ఎత్తు, చదువు, గోత్రం, మేనమామల వివరాలు అన్నీ అయ్యాయి. 'ఉద్యోగం' అన్నచోట కలం ఆగిపోయింది.

మా చెల్లెలి కూతురు అనంతగిరి కొండల్లో మౌంటెన్ బైక్ గైడ్. సెలవు రోజుల్లో హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళను అడవి దారుల్లో సైకిళ్ళ మీద తిప్పి, క్షేమంగా తీసుకొస్తుంది. మిగతా రోజుల్లో ఆ సైకిళ్ళను విప్పుతుంది, కడుగుతుంది, బిగిస్తుంది. ఇది ఎలా రాయాలి? చాలాసేపు ఆలోచించి "పర్యాటక రంగంలో ఉద్యోగం" అని రాసేశాను. అబద్ధమేమీ కాదు. చెల్లెలికి తెగ నచ్చింది.

సాయంత్రం పిల్ల ఫోన్ చేసింది. కోపంగా కూడా లేదు. "పెద్దమ్మా, నేను చేసే పనికి తెలుగుల మాట లేదా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ రాత. ముందు నన్ను నేను తిట్టుకుంటాను. తర్వాత మీ వంతు, ఏమీ అనుకోకండి.

ఆ పిల్ల పని నేను చూడక రాసిన మాట కాదు అది. చూసి కూడా రాశాను. పోయిన కార్తీకంలో అనంత పద్మనాభస్వామి దర్శనానికి వెళ్ళినప్పుడు, "ఒక్కరోజు నాతోని ఉండు పెద్దమ్మా" అంటే ఉండిపోయాను. ఇంకా తెల్లారలేదు. మంచు. తలకు లైటు కట్టుకుని ఎనిమిది సైకిళ్ళ మధ్య కూర్చుని ఉంది. ఒక్కొక్క టైరును బొటనవేలితో నొక్కి చూసింది. రాళ్ళదారిలో గాలి మరీ ఎక్కువుంటే చక్రం ఎగిరి జారుతుందట, మరీ తక్కువుంటే ట్యూబు రాతికీ రిమ్ముకూ మధ్య నలిగి తెగుతుందట. బ్రేకులు పట్టి సైకిలును ముందుకు తోసింది. చెయిన్ తిప్పుతూ చెవి పెట్టి విన్నది. కుక్కరు కూతను బట్టి పప్పు ఉడికిందో లేదో మనం చెప్పమూ, అలా.

ఆరున్నరకు కార్లు దిగాయి. వాళ్ళలో ఒకాయన ఈ పిల్లను చూస్తూనే "మెకానిక్ రాలేదా? గైడ్ ఎక్కడ?" అన్నాడు. "రెండూ నేనే సార్" అంది. ఆయన నవ్వాడు. సీటు ఎత్తు సరిచేయించుకుంటున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. నేను వాళ్ళతో అడవిలోకి వెళ్ళలేదు, నా మోకాళ్ళు ఒప్పుకోవు. గుడి దగ్గరే కూర్చున్నాను. రెండున్నర గంటల తర్వాత అందరూ తిరిగొచ్చారు. అందరికంటే వెనకాల ఆయన, ఆయన వెనకాల మా పిల్ల. లోపల ఆయన సైకిలు రెండుసార్లు పంక్చరైందట. మొదటిసారి తనే చేసుకుంటానని ట్యూబు మార్చేసి ఎక్కాడు, వంద గజాల్లో మళ్ళీ గాలి పోయింది. రెండోసారి ఈ పిల్ల టైరు లోపలంతా వేళ్ళతో మెల్లగా తడిమి, విరిగి లోపలే ఉండిపోయిన తుమ్మముల్లు ముక్కను పట్టుకుని లాగింది. ముల్లు తీయకుండా ఎన్ని ట్యూబులు మారిస్తే ఏం లాభం? చేట నిండా కందిపప్పులో కనిపించని రాయిని వేళ్ళతో పట్టుకునే మనకు ఆ విద్య విలువ ఎవరైనా చెప్పాలా?

కార్లు వెళ్ళిపోయాయి. నేను "ఇగ ఇంటికి పోదామా" అన్నాను. "అసలు పని ఇప్పుడే పెద్దమ్మా" అంది. మట్టి కడగాలి, చెయిన్ తుడిచి ఆరబెట్టి నూనె వేయాలి, అరిగిన బ్రేకు ప్యాడ్లు మార్చాలి, వంగిన గేరు కొక్కెం సరిచేయాలి, వంకరపోయిన చక్రం చువ్వలు ఒక్కొక్కటీ బిగించి తిన్నగా తిప్పాలి. మూడు గంటలు పట్టింది. ఎంతిస్తారని అడిగాను. మనుషులను తిప్పినందుకు డబ్బులిస్తారట. ఈ మూడు గంటలకు విడిగా ఏమీ ఉండదట. "అది పనిలో భాగమే గదా అంటరు" అంది.

అక్కలారా, ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ?

వడ్డించిన అరగంట అందరికీ కనిపిస్తుంది. గిన్నెలు తోమిన గంట ఎవరికీ కనిపించదు. అన్నీ సవ్యంగా ఉన్నన్నాళ్ళు మనం "ఇంట్లో ఖాళీగా" ఉంటాం. ఒక్కరోజు కూర మాడితే మాత్రం ఇల్లంతా మన పేరే. గైడు పనీ అంతే. ఎవరూ పడకపోతే, ఏ సైకిలూ ఆగకపోతే, ఆ రోజు ఆ పిల్ల ఏమీ చేయనట్టే లెక్క. ఇరవై ఏళ్ళుగా ఈ అన్యాయం మీద సణుగుతున్న నేనే, అదే అన్యాయం నా చెల్లెలి కూతురికి చేశాను. ఆమె పనిని గౌరవంగా కనిపించే రెండు మాటల వెనక దాచేశాను. మనకంటే బాగా ఆ పనిని అర్థం చేసుకోగలిగినవాళ్ళు లేరు. మనకంటే ముందు దాన్ని ఈసడించేవాళ్ళూ లేరు.

లక్ష రూపాయలు పోసి సైకిలు కొని ఆదివారం తొక్కే మగవాడిని చూసి "ఎంత శ్రద్ధో" అంటాం. అదే సైకిలును నడిచేలా ఉంచే ఆడపిల్లను "పంక్చర్ షాపు" అంటాం. ఇదెక్కడి న్యాయం?

అసలు ఈ ఆట పుట్టుకలోనే రిపేరు ఉంది. 1970లలో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్ళు, ముప్పై నలభై ఏళ్ళ నాటి బరువైన పాత సైకిళ్ళను బాగుచేసుకుని కొండ మట్టిదారుల్లో కిందికి దూకించేవాళ్ళు. 1976 అక్టోబరు 21న అక్కడ పోటీలు మొదలయ్యాయి. ఆ దారికి 'రీప్యాక్' అని పేరు. ఎందుకంటే, వెనక్కి తొక్కితే పడే ఆ పాత బ్రేకులు ఒక్కసారి కొండ దిగేసరికి వేడెక్కి, లోపలి గ్రీజు అంతా కాలిపోయేది. దిగాక చక్రం విప్పి మళ్ళీ గ్రీజు కూరాలి. కొండ పేరు, వీరుడి పేరు పెట్టలేదు, చేతికి అంటే గ్రీజు పని పేరు పెట్టుకున్నారు! ఆ గుంపులో వెండీ క్రాగ్ అనే స్త్రీ కూడా వాళ్ళతో సమానంగా తొక్కుతూ ఫొటోలు తీసింది. ఆనాటి చరిత్ర ఈరోజు కంటికి కనిపిస్తోందంటే ఆమె పుణ్యమే. 1980లలో అమెరికాలో ఈ పోటీల్లో ఛాంపియన్ అయిన జాకీ ఫెలాన్ 1987లో ఆడవాళ్ళ కోసం ఒక సంఘం పెట్టింది. దాని పేరు తెలుగులో చెప్పాలంటే 'ఆడవాళ్ళ కొండ సైకిళ్ళ, టీ సంఘం'. సైకిలు తొక్కడమూ, కూర్చుని టీ తాగడమూ! మన కిట్టీ పార్టీలకు నాలుగు సైకిళ్ళు చేర్చినట్టు.

అమెరికా సంగతి మనకెందుకంటారా? పక్కనున్న తమిళనాడుకే వెళ్దాం. 1990ల మొదట్లో పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు ఊరూరా ఆడవాళ్ళకు సైకిలు నేర్పారు. పొలం కూలీలు, రాళ్ళు కొట్టే క్వారీల్లో పనిచేసే స్త్రీలు వేల సంఖ్యలో నేర్చుకున్నారు. అప్పుడూ వెక్కిరించినవాళ్ళున్నారు. నాపరాళ్ళ క్వారీల మధ్య పెరిగిన తాండూరు ఆడవాళ్ళకు ఆ కథ పరాయిది కాదు.

ఇక మీ అభ్యంతరాలకు వస్తాను. మా బంధువులందరి నోటా విన్నవే.

"అడవిల ఆడపిల్ల, పడితే ఎట్ల?" పడొచ్చు. అందుకే హెల్మెట్, మోకాళ్ళ పట్టీలు, ప్రథమ చికిత్స పెట్టె పట్టుకెళ్తుంది. కానీ ప్రమాదం అడవిలోనే ఉందా? 2025 నవంబరు 3 పొద్దున మీర్జాగూడ దగ్గర తాండూరు బస్సుకు జరిగిన ఘోరం మనం మరిచిపోగలమా? చదువులకని బయల్దేరిన పిల్లలు తిరిగి రాలేదు. ఆ తర్వాత కూడా ఆడపిల్లల్ని చదువులకూ ఉద్యోగాలకూ అదే రోడ్డు మీద పంపుతూనే ఉన్నాం, పంపాలి కూడా. రోడ్డు బాగుచేయమని అడిగామే గానీ చదువు మాన్పించమని అడగలేదు. మరి అడవి అనగానే పని మాన్పించమంటారేం?

"తెలియని మగవాళ్ళతోని అడవిల తిరుగుడేంది?" ఈ భయం నాకూ ఉంది, తీసిపారేయను. కానీ దానికి మందు పిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం కాదు. వచ్చేవాళ్ళ పేర్లు, ఫోన్ నెంబర్లు ముందే రాయించుకోవాలి. ప్రతి గుంపుతో ఇద్దరు గైడ్లు ఉండాలి. బయల్దేరే చోట ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉండాలి. ఇవి అడుగుదాం, గట్టిగా అడుగుదాం.

"నెలజీతం లేదు గదా?" నిజమే, లేదు. వానాకాలంలో దారి తడిసి ఉంటే తనే తిరుగుడు రద్దు చేస్తుంది, ఆ రోజు రాబడి పోతుంది. ఎందుకని అడిగితే చెప్పింది: తడిమట్టిలో టైరు వేసిన గీత వెంటే తర్వాతి వాన నీళ్ళు పారతాయి, నాలుగు వానలకు ఆ దారి కాలువై కోసుకుపోతుంది. తాండూరు వైపు నల్లరేగడిలో అయితే టైరుకు అంటిన మట్టి పేరుకుని చక్రమే తిరగదు. మూసీ పుట్టిన కొండ అది. కొండ పాడవకూడదని తన కూలి తను వదులుకునే పిల్లకు బాధ్యత లేదంటారా? అడగాల్సింది ఆమెను కాదు, ఆ యాత్రలు నడిపేవాళ్ళను. రిపేరు గంటలకూ కూలి కట్టండి, బీమా చేయించండి అని.

"ఎండకు నల్లబడుతది." దీనికి నేను జవాబు చెప్పను.

మనం అన్నీ మరిచిపోతాం. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. మన భువనగిరి గుట్ట మీద శిక్షణ మొదలుపెట్టిన పిల్ల. అప్పుడు ఫొటోలు పంచుకుని మురిసిపోయాం. శిఖరం మీద నిలబడ్డ ఆడపిల్ల పరాయింటి పిల్ల అయితే గర్వం. మనింటి పిల్ల పక్క గుట్ట ఎక్కితే మాత్రం బయోడేటాలో దాచిపెట్టాల్సిన సంగతి.

నా మటుకు నేను తప్పు దిద్దుకున్నాను. తెలుగులో మాట లేదా అని కదా పిల్ల అడిగింది. ఉంది. మార్గదర్శి. సభల్లో శాలువాలు కప్పేటప్పుడు, ఒక్క అడుగు నడవనివాళ్ళకు కూడా మనం ధారాళంగా వాడేసే మాట. నిజంగా దారి చూపేవాళ్ళకు వాడటానికే నోరు రాలేదు. బయోడేటా మళ్ళీ రాశాను: "అనంతగిరి కొండదారుల్లో సైకిల్ యాత్రికులకు మార్గదర్శి. సైకిళ్ళు విప్పి బాగుచేయడం వచ్చు. పెళ్ళి తర్వాత కూడా ఈ పని చేస్తుంది." చివరి వాక్యం పిల్లను అడిగే రాశాను.

చెల్లెలికి పంపి వారమైంది. "చూస్త అక్కా" అంటోంది. ఇంకా ఎవరికీ పంపలేదని నాకు తెలుసు. మరిదికి ఆ చివరి వాక్యం మింగుడు పడలేదట. పడేదాకా రోజూ ఫోన్ చేస్తాను, నాకేం పని, ఇంట్లో ఖాళీగానే కదా ఉంటాను!

మీ ఇంట్లో ఆడపిల్ల బయోడేటా ఉంటే ఒకసారి తీసి చూడండి. 'ఉద్యోగం' అన్నచోట ఆ పిల్ల నిజంగా చేసే పని ఉందా, మీరు నలుగురికీ చెప్పుకోవడానికి వీలైన పని ఉందా?