క్లబ్బు పోయినా నోరు విప్పలేదు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో లైనుకు అటూ ఇటూ ఎన్ని కోచింగ్ సెంటర్లున్నాయో అన్ని హాస్టళ్ళున్నాయి. ఎన్ని హాస్టళ్ళున్నాయో అన్ని ఫుట్‌బాల్ క్లబ్బులున్నాయి. క్లబ్బులంటే ఇక్కడివి కావు లెండి. మాంచెస్టర్, లివర్‌పూల్, మాడ్రిడ్, బార్సిలోనా. పగలంతా గ్రూప్స్‌కూ బ్యాంకు పరీక్షలకూ చదివే పిల్లలు రాత్రి పదయ్యాక ఒక్క ఫోను చుట్టూ ఆరుగురు చేరి ఆట చూస్తారు. అది అయ్యాక అసలు ఆట మొదలవుతుంది. ఎవణ్ణి కొనాలి, ఎవణ్ణి వదిలించుకోవాలి, ఏ బేరం ఎవరి వల్ల చెడింది. కుదిరిన బేరం మీద రెండు రోజులే మాట్లాడుకుంటారు. చెడిన బేరం ఏళ్ళ తరబడి నడుస్తుంది.

ఈమధ్య చైతన్యపురిలో ఒక చాయ్ కొట్టు ముందు ఇద్దరు కుర్రాళ్ళ వాదన చెవినబడింది. ఒకడిది మాంచెస్టర్ యునైటెడ్ జెర్సీ, ఇంకొకడిది లివర్‌పూల్. రెండూ ఎరుపే కాబట్టి దూరం నుంచి చూసినవాళ్ళు ఒకే జట్టనుకుంటారు.

"మీవోళ్ళు హైన్జెను మాకియ్యకుండ అడ్డం పడ్డరు గద. గప్పుడే తెల్సింది మీ దమ్మెంతో."

"దమ్ము గాదు మామా. నీకమ్ముడు కన్న ఊకె కూసోబెట్టుడు నయం."

"మరి కాయితం రాసిచ్చి మాట తప్పుడేంది?"

"కాయితంల మీ పేరున్నదా? సూపియ్!"

ఈ గొడవ 2007 నాటిది. అప్పటికి వీళ్ళిద్దరికీ పాలపళ్ళు కూడా ఊడి ఉండవు. కానీ ఆ మాట్లాడటం చూస్తే నల్లకోటు వేసుకున్న వకీళ్ళలా ఉన్నారు. చిత్రమేమంటే, ఇంగ్లండ్‌లో అసలు వకీళ్ళు కొట్టుకున్నదీ సరిగ్గా ఈ కాయితం మీదే.

గాబ్రియెల్ హైన్జె అర్జెంటీనా డిఫెండరు. 2004లో పారిస్ సెయింట్ జర్మెయిన్ నుంచి యునైటెడ్‌కు వచ్చాడు. మరుసటి ఏడాది మోకాలు దెబ్బతిని చాలాకాలం ఆటకు దూరమయ్యాడు. కోలుకుని కుదుటపడేలోపు ఎడమ బ్యాక్ స్థానంలో పాట్రిస్ ఎవ్రా పాతుకుపోయాడు. ఇక ఇక్కడ లాభం లేదనుకున్న హైన్జెకు, 68 లక్షల పౌండ్లు ఎవరిస్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చని 2007 వేసవిలో క్లబ్బు ఒక ఉత్తరం రాసిచ్చింది. లివర్‌పూల్ సరిగ్గా అంత సొమ్ము పట్టుకుని వచ్చింది. యునైటెడ్ ససేమిరా అంది. 1964లో ఫిల్ చిస్నల్ వెళ్ళాక ఆ రెండు క్లబ్బుల మధ్య నేరుగా ఒక్క ఆటగాడూ చేతులు మారలేదు మరి. తగువు ప్రీమియర్ లీగ్ వేసిన ముగ్గురు సభ్యుల ప్యానెల్ ముందుకు వెళ్ళింది. ఉత్తరంలో రాసింది విదేశీ క్లబ్బులను ఉద్దేశించే అని ప్యానెల్ తేల్చింది. ఆగస్టు దాటకుండానే హైన్జె రియల్ మాడ్రిడ్ విమానం ఎక్కేశాడు.

తీర్పు చట్టం ప్రకారం సరైనదే కావచ్చు. నాకు మాత్రం హైన్జె పక్షానే మాట్లాడాలనిపిస్తుంది. జట్టులో చోటు లేదన్నారు, ధర మీరే చెప్పారు, ఆ ధర ఇచ్చేవాడొచ్చాడు. పక్క ఊరి కంపెనీలో ఉద్యోగం దొరికితే, "వాళ్ళంటే మాకు పడదు, దుబాయ్ అయితే పంపిస్తాం" అని మేనేజరు అంటే ఈ కుర్రాళ్ళు ఊరుకుంటారా? చాయ్ కొట్టు దగ్గర అరగంట సేపు సాగిన వాదనలో మాంచెస్టర్ పరువు, లివర్‌పూల్ పౌరుషం అన్నీ వచ్చాయి గానీ, ఆ మనిషి బతుకుతెరువు సంగతి మాత్రం రాలేదు. అతను ఒకడికి ద్రోహి, ఇంకొకడికి చేజారిన సరుకు.

ఈ విషయంలో హైదరాబాదువాళ్ళకు పాఠం చెప్పాల్సిన అవసరం ఉండకూడదు. ఎందుకంటే ఇలాంటి బేరాల్లో సరుకు ఒకప్పుడు మన ఊరిదే. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌కు నాలుగో స్థానం, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం. రెండు జట్లకూ రహీమే కోచ్, రెండింట్లోనూ మన కుర్రాళ్ళున్నారు. కలకత్తా క్లబ్బుల కళ్ళు ఇటు పడకుండా ఎలా ఉంటాయి? సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళి 1961లో ఆ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. 1966లో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అదే దారి పట్టారు.

ఆ రోజుల్లో కలకత్తాలో ఆటగాడు క్లబ్బు మారాలంటే బెంగాల్ ఫుట్‌బాల్‌ను నడిపే ఐఎఫ్ఏ ఆఫీసుకు స్వయంగా వెళ్ళి సంతకం పెట్టాలి. సంతకాల రోజులొచ్చాయంటే క్లబ్బుల మనుషులు ఆటగాళ్ళను తమవాళ్ళ ఇళ్ళలో దాచిపెట్టేవాళ్ళు. అవతలి క్లబ్బువాళ్ళు గోడ దూకి ఎత్తుకుపోయే ప్రయత్నం చేసేవాళ్ళు. ఈ దాగుడుమూతల్లో చెడిన బేరాలకు లెక్కలేదు. హబీబ్ మాత్రం ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ మార్చి మార్చి ఆడాడు. 1977 సెప్టెంబరులో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టాడు. ఆ ఆట 2-2తో ముగిసింది. అంతకు ఏడాది ముందు తమ్ముడు అక్బర్ కలకత్తా డెర్బీలో పదిహేడో సెకనుకే ఈస్ట్ బెంగాల్ వలలో బంతి వేశాడు. అన్నదమ్ములిద్దరూ నిన్నటి క్లబ్బు మీద ఇవాళ గోలు కొట్టేవాళ్ళు. అయినా కలకత్తా హబీబ్‌ను "బడే మియా" అనే పిలిచింది, ఏ పక్షంవాళ్ళయినా. ఉద్యోగం ఇస్తామన్నా వద్దని, ఆటనే బతుకుతెరువుగా చేసుకున్న మనిషి. ఎవరు పిలిచి ఎక్కువిస్తే అక్కడికి వెళ్ళడం అతనికి వృత్తిధర్మం. 2023 ఆగస్టు 15న ఈ నగరంలోనే కన్నుమూశాడు. పత్రికలు రాశాయి. చాయ్ కొట్ల దగ్గర ఆ పేరు వినపడిన గుర్తు నాకు లేదు.

కలకత్తా అలవాటు మాత్రం పోలేదు. అన్వర్ అలీ సంగతే చూడండి. పంజాబ్ డిఫెండరు, 2017లో అండర్-17 ప్రపంచకప్ ఆడినవాడు. గుండె కండరానికి జబ్బుందని ఆట మానెయ్యమంటే కోర్టుకెక్కి మరీ మైదానంలోకి తిరిగొచ్చాడు. ఢిల్లీ ఎఫ్‌సీ అతన్ని 2023లో మోహన్ బగాన్‌కు నాలుగేళ్ళ అరువు మీద ఇచ్చింది. (నాలుగేళ్ళ అరువేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అరువంటే తిరిగిచ్చేది కదా.) ఏడాది తిరగ్గానే ఆ ఒప్పందాన్ని తెంచుకుని ఎదురింటి ఈస్ట్ బెంగాల్‌తో అయిదేళ్ళకు కలిశాడు. 2024 సెప్టెంబరు 9న గచ్చిబౌలిలో భారత జట్టు సిరియా చేతిలో 3-0తో ఓడింది. మర్నాడే ఫుట్‌బాల్ సమాఖ్య కమిటీ అన్వర్ మీద నాలుగు నెలల నిషేధం వేసింది. మోహన్ బగాన్‌కు 12.90 కోట్లు కట్టాలంది. ఢిల్లీ ఎఫ్‌సీ, ఈస్ట్ బెంగాల్ రెండింటికీ కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా ఆంక్షలు పెట్టింది. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు చేరాక ఆ ఆదేశం నిలవలేదు, మళ్ళీ మొదట్నుంచి వినాల్సొచ్చింది. అన్వర్ ఈస్ట్ బెంగాల్ జెర్సీ వేసుకుని ఆడుకున్నాడు. కలకత్తాలో ఈ గొడవ మీద నోరు విప్పని మనిషి లేడు. ఎవరిది తప్పయినా సరే, క్లబ్బు బతికున్న ఊళ్ళో జనం అలాగే ఉంటారు.

ఇక మన సంగతి. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది, పుణె జట్టు మూతపడ్డాక ఆ స్థానంలో. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ కుర్రాళ్ళతో జట్టు కట్టాడు. లిస్టన్ కొలాసో బాగా ఆడగానే 2021లో కలకత్తావాళ్ళు ఎగరేసుకుపోయారు. దాదాపు కోటి రూపాయల బేరమని అప్పట్లో పత్రికలు రాశాయి. అయినా మరుసటి ఏడాది, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి మనవాళ్ళే ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఛాంపియన్లయ్యారు. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కోవిడ్ పుణ్యమా అని ఆ సీజనంతా గోవాలోనే జరిగింది, కాబట్టి సొంత ఊరు ఆ కప్పు సంబరాన్ని టీవీలోనే చూసింది.

రెండేళ్ళు తిరక్కుండానే జీతాల్లేవు. పాత బకాయిలు కట్టనందుకు కొత్త ఆటగాళ్ళ నమోదుకు ఫీఫా అడ్డం పడింది. ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే సంచీ సర్దుకున్నారు. 2023-24లో ఇరవై రెండు మ్యాచులాడి ఒక్కటంటే ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచింది ఆ ఛాంపియన్ జట్టు. తర్వాత యాజమాన్యం చేతులు మారింది. 2025 అక్టోబరులో మొత్తం జట్టే ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది. ఒక ఆటగాడి బేరం చెడితే పద్దెనిమిదేళ్ళ తర్వాత కూడా చాయ్ చల్లారబెట్టుకుని వాదిస్తున్నాం. క్లబ్బుకు క్లబ్బే పోతే ఎంతమంది వాదించారు? జట్టు కష్టాల్లో ఉన్నప్పుడు కూడా జెండాలు పట్టుకుని వెళ్ళిన కొద్దిమంది అభిమానులు గోడు వెళ్ళబోసుకున్నారు. వాళ్ళ మాట జట్టు ఆడిన గచ్చిబౌలి దాటి ఇటువైపు రాలేదు.

ఇటువైపు జనానికి నోరు లేదంటే నమ్మను. 2021లో కొత్తపేట గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను బాటసింగారానికి తరలించినప్పుడు ఎంత రభస! వ్యాపారులు హైకోర్టుదాకా వెళ్ళారు. హమాలీలు మాట్లాడారు, బత్తాయి కొనుక్కునే ఇల్లాళ్ళూ మాట్లాడారు. అక్కడ ఆస్పత్రి కడతామన్నా సరే, మార్కెట్ మాది అన్నారు. ఆ "మాది" అనే మాట ఫుట్‌బాల్ క్లబ్బు విషయంలో ఎవరి నోటా రాలేదు.

తప్పంతా అభిమానులదే అంటే అన్యాయం. ఎల్బీనగర్‌లో ఉండే కుర్రాడు గచ్చిబౌలిలో ఆట చూడాలంటే అమీర్‌పేటలో రైలు మారాలి, రాయదుర్గంలో దిగి ఆటోవాడితో బేరమాడాలి. ఆట అయ్యేసరికి రాత్రి పది, తిరుగు రైలు అందుతుందో లేదో అని గుండె దడ. హాస్టల్ గేటు వేళ వేరే. మాంచెస్టర్ అతనికి గచ్చిబౌలి కన్నా దగ్గర, ఫోనులో ఉంది కాబట్టి. ఇంటిపక్కనున్న సరూర్‌నగర్ స్టేడియం సంగతి చెప్పమంటే చాలామందికి గుర్తొచ్చేది రాజకీయ సభలు. విక్టోరియా మెమోరియల్ హోమ్ మైదానంలో పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్ళు, క్రికెట్ ఆడే పిల్లలు కనిపిస్తారు. ఊళ్ళో ఆడటానికి చోటు చూపించకుండా, ఊళ్ళో ఆట మీద ప్రేమ లేదేమని పిల్లల్ని నిలదీయడం పెద్దల గడుసుతనం.

అలాగని ఇక్కడ ఆట చచ్చిపోలేదు. మన ఊరి ఇంకో క్లబ్బు శ్రీనిధి దక్కన్ 2022-23లోనూ, ఆ మరుసటి ఏడూ ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ ఇదే ఊళ్ళో జరిగింది, బెంగాల్ ఆఖరి నిమిషాల్లో కేరళను ఓడించింది. రహీం పేరు మీద నగర లీగు ఉంది. అందులో ఆడేవాళ్ళలో రేపు ఎవణ్ణో కలకత్తావాళ్ళో గోవావాళ్ళో ఎత్తుకుపోతారు. అప్పుడైనా మనం అడగాలి: ఎంతకు పోయాడు, ఆ కుర్రాడికి ముట్టిందెంత, వాణ్ణి తయారుచేసిన బస్తీ క్లబ్బుకు ఏమైనా దక్కిందా?

చైతన్యపురి తమ్ముళ్ళూ, హైన్జె మీద కొట్లాట ఆపమని నేను చెప్పను. హాయిగా కొట్లాడుకోండి. ఈసారి రహీం లీగు ఎక్కడ ఆడుతున్నారో కనుక్కుని ఒక్క ఆదివారం వెళ్ళి రండి. వచ్చే ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చినవాళ్ళను సరూర్‌నగర్‌లో గోల్‌పోస్టులు ఎప్పుడు పాతుతారని అడగండి. కాయితం మీద రాసిస్తామంటే మాత్రం, అందులో మన పేరుందో లేదో ముందే చూసుకోండి.