పేరుకే ఫ్యామిలీ

తెలుగు బి.ఏ.లో మాకొక ప్రశ్న తప్పనిసరిగా వచ్చేది: 'శీర్షికా ఔచిత్యమును చర్చింపుము'. ఏ నవల ఇచ్చినా రెండు పేజీలు నింపేసేవాళ్లం. మొన్న మావారితో కూర్చుని చూసిన 'ది ఫ్యామిలీ' సినిమా మీద ఆ ప్రశ్న వస్తే మాత్రం తెల్లకాగితం ఇచ్చి రావాల్సిందే.

ఇది 1970 నాటి ఇటలీ క్రైమ్ సినిమా. దర్శకుడు సెర్జియో సొల్లీమా. అసలు పేరు 'చిత్తా వియొలెంతా', అంటే హింసానగరం. 1972లో 'గాడ్‌ఫాదర్' విరగబడి ఆడింది కదా, ఆ మరుసటేడు అమెరికాలో దీనికి 'ఫ్యామిలీ' అని పేరు మార్చి వదిలారు. పాత చీరకి కొత్త ఫాల్ కుట్టినట్టు!

కథలో కుటుంబం ఎక్కడుందండీ? చార్లెస్ బ్రాన్సన్ కిరాయి హంతకుడు. అతను ప్రేమించిన వెనెస్సా ముఠా నాయకుడి భార్యగా తేలుతుంది. ఇతను హత్య చేస్తుండగా తీసిన ఫోటోలు చూపించి, మాలో చేరమని బెదిరిస్తారు. దాన్ని ఫ్యామిలీ అనాలట.

అసలు ఈ మాట ఎప్పుడు వినిపిస్తుందో గమనించారా? ఆస్తి కాగితాల మీద ఆడపడుచు సంతకం కావాల్సొచ్చినప్పుడు, 'మనమంతా ఒక కుటుంబం కదమ్మా' అంటారు. ఆవిడ వాటా అడిగితే మాత్రం 'పెళ్లై వెళ్లిపోయినదానివి' అంటారు. ఒకే నోరు, ఒకే వసారా. సంతకం పెట్టి, చీర అందుకుని, కళ్లు తుడుచుకుంటూ బస్సెక్కినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. వాళ్లను ఎవరూ ఫోటోలతో బెదిరించలేదు. ఆ ఒక్క మాటే సరిపోయింది.

సినిమా సంగతికొస్తే, అంత గొప్పదేం కాదు. మధ్యలో ఎవరు ఎవర్ని ఎందుకు మోసం చేస్తున్నారో అర్థమయ్యేలోపు ఇంకొకరు మోసం చేసేస్తారు. వెనెస్సాగా వేసిన జిల్ ఐర్లాండ్ నిజంగా బ్రాన్సన్ భార్యే, 1968లో పెళ్లయింది. తెరమీద ఆవిడకు ఎత్తులు వేయడం తప్ప వేరే పనివ్వలేదు. చివరికి, పైకెళ్తున్న అద్దాల లిఫ్టులో ఉన్నావిణ్ణి దూరం నుంచి అతనే కాల్చేస్తాడు. ఆ సీను మాత్రం ఒళ్లు జలదరించేలా తీశారు.

మొదట్లో మాటల్లేకుండా సాగే కారు వెంబడింపు, మొరికోనె సంగీతం, ఆ లిఫ్టు చూడండి. మిగతా సమయంలో నేనైతే బట్టలు మడతపెట్టాను. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోకండి.