మాండవ్యుడు గీసిన గీత, మన పిల్లల భాష

మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్యుని కథ మనలో చాలామందికి తెలిసినదే. దొంగలు తన ఆశ్రమంలో దాగినందువల్ల, ఏ పాపమూ ఎరుగని ఆ ఋషిని రాజభటులు కొరత వేశారు. ఈ శిక్ష దేనికని ఆయన యమధర్మరాజును అడుగగా, చిన్ననాట పురుగులను పుల్లతో గుచ్చి ఆడుకొన్నావు, దాని ఫలమే ఇది అని యముడు బదులిచ్చాడు. తెలిసీ తెలియని వయసులో చేసినదానికి ఇంతటి దండనా అని మాండవ్యుడు ఆగ్రహించి యముని శపించాడు. పదునాలుగేండ్లు నిండేదాకా పిల్లలు చేసినది పాపంగా లెక్కకు రాదని కట్టడి కూడా చేశాడు. ఆ శాపం వల్లనే యముడు విదురుడై పుట్టాడని కథ.

తరగతిలో ఈ కథ చెప్పినప్పుడెల్లా పిల్లలు మాండవ్యుని పక్షమే వహిస్తారు. పెద్దలమైన మనం మాత్రం, ఒక బాలుడు చేసిన ఘోరాన్ని వార్తాపత్రికలో చదివిన నాడు యముని పక్షం వహిస్తాము. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెతను కూడా అప్పుడే గుర్తు చేసుకొంటాము. ఉపాధ్యాయ సోదర సోదరీమణులారా, తల్లిదండ్రులారా! కోపంతో కాక, కొంచెం నిదానంగా ఈ విషయాన్ని మీతో కలిసి ఆలోచించాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఏ వయసునుండి పిల్లవానిని నేరానికి బాధ్యునిగా ఎంచవచ్చు? ఒక్కొక్క దేశం ఒక్కొక్క గీత గీసింది. ఇంగ్లండులో పదేండ్లు. స్కాట్లండులో ఎనిమిదేండ్లుగా ఉన్నదానిని 2019 నాటి చట్టంతో పన్నెండుకు పెంచి 2021లో అమలులోకి తెచ్చారు. జర్మనీలో పదునాలుగు, నార్వేలో పదిహేను. అమెరికాలో పలు రాష్ట్రాలకు కనీస వయసంటూ ఏదీ లేదు. మన దేశంలో 1860 నాటి శిక్షాస్మృతి ఏడేండ్లని చెప్పింది. ఏడు నుండి పన్నెండేండ్ల లోపువారికి, చేసిన పని స్వభావం గ్రహించేటంత పరిణతి లేనిచో నేరం అంటదని కూడా చెప్పింది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత కూడా ఈ గీతనే నిలుపుకొన్నది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల సంఘమో, ఈ వయసు పదునాలుగుకు తగ్గరాదని 2019లో అన్ని దేశాలకూ సూచించింది. మాండవ్యుడు చెప్పిన సంఖ్యా అదే.

అయితే అంకె ఒక్కటే న్యాయాన్ని నిర్ణయించదు. పిల్లవానిని ఎదుట నిలిపి మాట్లాడేవారి మాట వానికి అర్థమవుతున్నదా, వాని మాట వారికి అర్థమవుతున్నదా అన్నదే నా దృష్టిలో అసలైన పరీక్ష. మూడు దేశాల అనుభవం చూడండి.

అమెరికాలోని చికాగో నగరంలో 1899లో మొట్టమొదటి బాలల న్యాయస్థానం ఏర్పడింది. శిక్షించుటకు కాదు, తండ్రివలె సరిదిద్దుటకని దాని సంకల్పం. సంకల్పం మంచిదే. కాని 1964లో అరిజోనా రాష్ట్రంలో పదిహేనేండ్ల జెరాల్డ్ గాల్ట్ పొరుగావిడతో ఫోనులో అసభ్యంగా మాట్లాడాడన్న ఆరోపణపై, ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా సంస్కరణ పాఠశాలలో ఉంచాలని న్యాయమూర్తి ఉత్తరువిచ్చారు. పెద్దవాడు అదే పని చేసి ఉంటే యాభై డాలర్ల వరకు జరిమానా, లేదా రెండు నెలలకు మించని జైలు. పట్టుకొన్నప్పుడు తల్లిదండ్రులకు కబురు లేదు, వకీలు లేడు, ఫిర్యాదు చేసిన ఆవిడ విచారణకు రానేలేదు, జరిగినది వ్రాసిపెట్టిన కాగితమూ లేదు. పిల్లవానికైనా ఆరోపణ ఏమిటో తెలుసుకొనే హక్కు, వకీలును పెట్టుకొనే హక్కు ఉండాలని 1967లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దయ పేరుతో నడిచే విచారణ కూడా పిల్లవాని నోరు నొక్కగలదని ఈ కథ తెలుపుతున్నది.

ఇంగ్లండు వారిది మరొక దారి. 1993లో లివర్‌పూల్ వద్ద రెండేండ్ల పసివానిని ఇద్దరు పదేండ్ల బాలురు చంపారు. దేశమంతా ఉడికిపోయింది. ఆ ఇద్దరినీ పెద్దల కోర్టులోనే, జనం, విలేకరులు చూస్తుండగా వారాల తరబడి విచారించారు. కూర్చున్నవారికి బయట ఏం జరుగుతున్నదో కనబడేందుకు బోను ఎత్తు పెంచవలసి వచ్చింది. ఆ బాలురు విచారణలో సరిగా పాలుపంచుకోలేకపోయారు గనుక అది న్యాయమైన విచారణ కాదని 1999లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం తేల్చింది. బోను ఎత్తు పెంచితే కంటికి కనబడుతుంది గాని, చెవిన పడినది మనసుకు ఎక్కదు గదా!

పొరుగున ఉన్న స్కాట్లండులో 1971 నుండి పద్ధతి వేరు. అతి తీవ్రమైన నేరాలు తప్ప మిగిలినవి కోర్టుకు పోవు. శిక్షణ పొందిన ముగ్గురు సామాన్య పౌరులు ఒక బల్లచుట్టూ పిల్లవానితో, తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడతారు. చేసిన తప్పుతో పాటు, ఈ పిల్లవానికి ఇప్పుడు ఏమి అవసరమన్నది వారి ముఖ్యమైన ప్రశ్న.

మరి దెబ్బ తిన్నవారి మాటేమిటని మీరు అడుగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి, చంపినవాని వయసు చెప్పి ఓదార్చలేము. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన దారుణంలో ఒక నిందితునికి పద్దెనిమిదేండ్లు నిండలేదు. 2013లో బాల న్యాయమండలి అతనికి మూడేండ్లు ప్రత్యేక గృహంలో ఉండాలని ఉత్తరువిచ్చింది. చట్టప్రకారం అంతకు మించి ఇవ్వడానికి లేదు. ప్రజల ఆగ్రహం నడుమ 2015 నాటి బాలల న్యాయ చట్టం వచ్చింది. ఏడేండ్లు, ఆపై కనీస శిక్ష గల ఘోరమైన నేరం మోపబడిన పదహారు నుండి పద్దెనిమిదేండ్ల లోపువారిని పెద్దలవలె విచారించవచ్చునని అది చెప్పింది. అట్టివారికి కూడా మరణశిక్ష గాని, విడుదలకు అవకాశం లేని యావజ్జీవ శిక్ష గాని విధించరాదు.

అయితే పెద్దలవలె విచారించాలా వద్దా అన్నది ముందుగా మండలి తేల్చాలి. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు కలిసి మండలి. నేరం చేయగల మానసిక, శారీరక శక్తి వానికి ఉన్నదా, దాని పర్యవసానాలు గ్రహించగలడా, ఏ పరిస్థితుల్లో చేశాడు అన్నవి వారు అంచనా కట్టాలి. ఇది సున్నితమైన పని అని, మండలిలో అట్టి నైపుణ్యం గలవారు లేనప్పుడు మనస్తత్త్వ నిపుణుల సాయం తప్పక తీసుకోవాలని 2022లో మన సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక్కడనే మనకు, అనగా తెలుగునాటికి వెలుపల తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి, ఒక పెద్ద ప్రశ్న ఎదురవుతున్నది. పిల్లవాని మనసును మాటల ద్వారా కొలిచే ఈ పని ఏ భాషలో జరగాలి?

మన పిల్లలు అంగడిలో తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీయో గడగడ మాట్లాడతారు. అది విని, వీనికి భాష వచ్చునని అధికారులు అనుకోవడం సహజమే. కాని బేరమాడే భాష వేరు, భయంలో మనసు విప్పే భాష వేరు. తరగతి గదిలో మనం నిత్యం చూచేదే ఇది. పైగా దగ్గరి భాషలలో ఒకే ధ్వనికి వేరు వేరు అర్థాలుంటాయి. హోసూరు ప్రాంతపు పిల్లవాడు "కొట్టినాను" అంటే దెబ్బ వేశానని. తమిళంలో అటువంటి ధ్వనిగల మాటకు ఒలకబోశానని అర్థం. వాడు "అడిగినాను" అంటే ప్రశ్న వేశానని. తమిళంలో "అడి" అంటే దెబ్బ! తరగతిలో ఇవి నవ్వు పుట్టిస్తాయి. విచారణలో ఇటువంటి పొరపాటుకు ఒక జీవితం మూల్యం కావచ్చు.

చట్టం దీనిని మరువలేదు. విచారణ భాష అర్థం కాని పిల్లవానికి, అవసరమైనచోట, మండలి దుబాసీని ఏర్పాటు చేయాలని 2015 చట్టంలోని ఎనిమిదో సెక్షను చెబుతున్నది. భారతదేశం 1992లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికలోని నలభయ్యో అధికరణం, ఆ సాయం ఉచితంగా అందాలని చెబుతున్నది. అయితే అడిగేవారుంటేనే ఇది అక్కరకు వస్తుంది. ఈ సంగతి తల్లిదండ్రులకు తెలియాలి. పొలాన పనిచేసుకొనే తండ్రికి తెలియకపోతే మనం చెప్పాలి. దుబాసీ కూడా మన ప్రాంతపు తెలుగు ఎరిగినవాడు కావాలి. పుస్తకాల తెలుగు మాత్రమే తెలిసినవానికి మన ఎల్లల పిల్లల పలుకుబడి సగమే అందుతుంది.

ఉపాధ్యాయుల చేతిలో ఉన్నవి మరి మూడు. ఒకటి, పుట్టినతేది. చూపులకు వయసు స్పష్టం కానప్పుడు, పాఠశాల ఇచ్చే పుట్టినతేది ధ్రువపత్రం గాని మెట్రిక్యులేషన్ పత్రం గాని ఉంటే దానినే మండలి మొదట చూస్తుంది. అవి లేకుంటే పురపాలక సంఘమో పంచాయతీయో ఇచ్చిన జనన పత్రం, అదీ లేకుంటేనే వైద్య పరీక్ష. మన అడ్మిషన్ రిజిస్టరులో ఆనవాయితీగా "జూన్ ఒకటి" అని వ్రాసి ఊరుకొంటే, ఒక పిల్లవానికి పద్దెనిమిదేండ్లు అన్యాయంగా ముందే నిండవచ్చు. చేర్చుకొనేటప్పుడే జనన పత్రం అడిగి చూడండి.

రెండవది, నివేదిక. ప్రొబేషన్ అధికారి పిల్లవాని ఇంటి పరిస్థితులు, చదువు విచారించి సామాజిక పరిశోధన నివేదిక వ్రాస్తారు. మన వద్దకు వచ్చినప్పుడు "అల్లరివాడు" అని ఒక్క మాటతో తేల్చకండి. వాడు ఏ భాషలో ఆలోచిస్తాడో, ఎందులో వెనుకబడ్డాడో, ఇంట్లో ఏ లోటు ఉన్నదో చెప్పండి.

మూడవది, మౌనం. అట్టి పిల్లవాని పేరు, ఊరు, బడి, ఫోటో బయటపెట్టడం నేరం. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. తల్లిదండ్రుల వాట్సాప్ బృందాలలో వచ్చేవాటిని ముందుకు పంపకండి. వాడు తిరిగి బడికి వస్తే, పాత సంగతి ఎత్తకుండా బెంచీమీద చోటు ఇవ్వండి. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో 1994లో ఒక ఐదేండ్ల బాలిక మరణానికి కారకులైన ఆరేండ్ల బాలురను శిక్షించలేదు. నిపుణుల తోడుతో మళ్ళీ శిశుపాఠశాలకే పంపారు.

మన తెలుగు తరగతులు ఎందుకని అడిగేవారికి పరీక్షలు, పద్యాలు, సంస్కృతి అని జవాబు చెబుతుంటాము. ఇకమీదట దీనిని కూడా చేర్చండి. చిక్కులో పడిన పిల్లవాడు తన మనసులోని మాటను తన భాషలో చెప్పుకోగలగాలి, దానిని విని అర్థం చేసుకొనే పెద్ద ఒకరైనా ఊళ్ళో ఉండాలి. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ఎనిమిదో సెక్షను సంగతి ఐదు నిమిషాలు చెప్పండి. మీ జిల్లా బాల న్యాయమండలి ఎక్కడ ఉన్నదో తెలుసుకొని, అవసరమైతే తెలుగు దుబాసీగా రాగలవారి పేర్లు అక్కడ ఇచ్చి రండి.