చాలు – చాలూ

తెలుగు ఇంట ‘చాలు’ అనగానే వడ్డించే చేయి ఆగుతుంది. మరాఠీ ఇంట ‘పంఖా చాలూ కర్’ అనగానే పంకా తిరుగుతుంది. ఒకటి ఆపే మాట, మరొకటి నడిపే మాట. తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన షోలాపూరు వంటి ఊళ్లలో ఈ రెండూ పిల్లల చెవిన రోజూ పడుతుంటాయి. అది తెలుగు మాటేననీ, మరాఠీవారు తీసుకొని అర్థం మార్చారనీ కొందరు అంటారు. తెలుగువారే అక్కడి మాటను తప్పుగా పలుకుతున్నారని మరికొందరు అనుకుంటారు. ఈ రెండు అభిప్రాయాలూ సరైనవి కావు.

ఒక మాట పుట్టుక తెలియాలంటే దాని చుట్టాలను చూడాలి. మరాఠీ ‘చాలూ’కు దగ్గరి చుట్టం ‘చాలణే’, అంటే నడవడం. ఒడియాలో నడవడాన్ని ‘చాలిబా’ అంటారు. వీటి మూలం సంస్కృతంలోని ‘చల్’ ధాతువు. తెలుగు సంస్కృతం నుండి తెచ్చుకొన్న చలనం, సంచలనం కూడా ఆ కుటుంబానివే. తెలుగు ‘చాలు’ పుట్టిల్లు వేరు. చాల, చాలదు, చాలినంత దాని తోబుట్టువులు. ‘చాలదు’ను కన్నడంలో ‘సాలదు’ అంటారు. తమిళ గ్రంథభాషలో ‘సాల’ అంటే మిక్కిలి అని అర్థం. ఇది ద్రావిడ కుటుంబం.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. చివరి దీర్ఘం తప్ప ఒకేలా వినిపించే మరాఠీ మాట తెలుగు మాటకు ఏమీ కాదు. కొంచెం మారి వినిపించే కన్నడ మాట మాత్రం సొంత చుట్టం. ఆ మార్పుకు ఒక పద్ధతి ఉంది. తెలుగులోని చావు, చేరు కన్నడంలో సావు, సేరు అవుతాయి. భాషల బంధుత్వాన్ని తెలిపేది ఇటువంటి క్రమమే కాని, ఏదో ఒక్క మాటలోని పోలిక కాదు. 1816లో మద్రాసులో అచ్చయిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణపు పీఠికకు ఎల్లిస్ ఒక వివరణ వ్రాశాడు. అందులో ఎన్నో ధాతువులను పక్కపక్కన పెట్టి పోల్చి, తెలుగు సంస్కృతం నుండి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబానికి చెందినదనీ చూపాడు.

కాబట్టి ఒక భాషలోని మాటను మరొక భాష అర్థంతో కొలవడం తగదు. రెండు భాషల నడుమ పెరిగే విద్యార్థి ఇంట్లో ‘చాలు’ను ఒక అర్థంలోను, వీధిలో ‘చాలూ’ను మరొక అర్థంలోను వాడితే అది తడబాటు కాదు, తెలివిడి. దానిని చూసి నవ్వడం ఎవరికీ మర్యాద కాదు. మాట ఎవరిదని వాదులాడే ముందు, దాని చుట్టాలెవరో విచారించడం మేలు.