సంగటిముద్ద పుట్టిల్లు ఏది?

ఆహారం - పోషణ పాఠం ముగించిన రోజున మా తొమ్మిదో తరగతి పిల్లల్ని ‘మన ప్రాంతపు సంప్రదాయ ఆహారం’ గురించి రెండు పేజీలు రాసుకు రమ్మన్నాను. అందరూ బాగానే రాశారు. ఒక కుర్రవాడు మరీ బాగా రాశాడు. రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి, జొన్నరొట్టె, ఉగ్గాని, చింతపండు పులుసు - చదువుతుంటే నాకే ఆకలి వేసింది. దాన్ని తరగతిలో లేచి చదవమన్నాను. ముందుగా చివరిదాకా చూసుకోకపోవటం నా పొరపాటు. అతని ఆఖరు వాక్యం యిది: ‘ఇవే అసలైన మన వంటలు, బిర్యానీ, సేమ్యా బయటినుంచి వచ్చినవి కాబట్టి అవి మనవి కావు.’

రెండో బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి తల వంచుకున్నది. రంజాను పండుగనాడు వాళ్ళ యింట్లో సేమ్యా తిన్నవాళ్ళు ఆ తరగతిలో సగంమందైనా వుంటారు. రాసిన కుర్రవాడు కూడా తిన్నవాడే!

నేనతన్ని కోప్పడలేదు. ‘బయటినుంచి వచ్చింది’ అనేది పరీక్షించి చూడదగిన మాట. ఒక పంటమొక్క మొదట ఎక్కడ సాగులోకి వచ్చిందో కనుక్కోవటానికి శాస్త్రజ్ఞులకు మార్గాలున్నాయి. దాని అడవిజాతి చుట్టాలు ఎక్కడ పెరుగుతున్నాయో చూస్తారు. పాత ఊళ్ళ దిబ్బలు తవ్వి, ఆనాటి పొయ్యిల్లో మాడిపోయిన గింజల్ని ఏరి భూతద్దంతో పరీక్షిస్తారు. రష్యా శాస్త్రజ్ఞుడు నికొలాయ్ వావిలోవ్ పంటమొక్కల జన్మస్థానాలను గురించి 1926లో రాసిన గ్రంథం ఈ పరిశోధనకు పెద్ద బాట వేసింది. ఇప్పుడు మొక్కల జన్యువులను కూడా పోల్చి చూస్తున్నారు.

సరే, ఆ కుర్రవాడి పళ్లెమే తీసుకుందాం.

సంగటిలోని రాగి తూర్పు ఆఫ్రికాలోని యిథియోపియా, ఉగాండా మెట్టప్రాంతాలది. జొన్న కూడా ఆఫ్రికాదే, సూడాన్ వైపుది. సజ్జ సహారా ఎడారికి దక్షిణపు అంచున పుట్టింది. ఇవన్నీ వేల ఏళ్ళ క్రితమే సముద్రం దాటి మన దేశానికి చేరాయి. అలసందలు, అనుములు కూడా ఆఫ్రికా నుంచి వచ్చినవే. ఇక చింతపండు! పులుసు లేకుండా మనకు ముద్ద దిగదు గదా. అరబ్బులు దాన్ని ‘హిందూదేశపు ఖర్జూరం’ అన్నారు, వృక్షశాస్త్రంలోనూ దాని పేరు టామరిండస్ ఇండికా. పేరులో ఇండియా వున్నది గాని, చింతచెట్టు జన్మస్థానం ఆఫ్రికా అనే శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

ఊరిబిండికి వద్దాం. చెనిక్కాయ దక్షిణ అమెరికాలో, బొలీవియా దక్షిణాన, అర్జెంటీనా ఉత్తరాన రెండు అడవిజాతుల సంకరం వల్ల పుట్టిన పంట. మన మెట్టపొలాల్లో అది యింత విస్తారంగా పరుచుకున్నది గత వందేళ్ళకు అటూ యిటూగానే. ఎండుమిరప మెక్సికో ప్రాంతానిది, వెల్లుల్లి మధ్య ఆసియాది. పత్తికొండ మార్కెట్టులో గంపలకొద్దీ కనిపించే టమోటా కూడా అమెరికా ఖండంలో పుట్టినదే. ఊరిబిండిలో ఇక్కడిది వెతికితే నాకు దొరికింది కాసింత ఉప్పు.

మిరపకాయ కథ కొంచెం వివరంగా చెప్పాలి. 1492లో కొలంబస్ మిరియాల దేశాన్ని వెతుక్కుంటూ బయలుదేరి, అట్లాంటిక్ సముద్రానికి ఆవలనున్న కరేబియన్ దీవులకు చేరాడు. అక్కడివాళ్ళు ‘అహీ’ అనే ఎర్రటి కాయ తింటున్నారు. కారంగా వుంది కాబట్టి మిరియమే అనుకుని స్పానిష్ వాళ్ళు దానికి మిరియం పేరును పోలిన పేరే పెట్టారు. మన మిరియం, మిరప అనే మాటలు కూడా ఒకదాన్నొకటి ఎలా పోలి వున్నాయో చూడండి. ఆ తర్వాత పోర్చుగీసువాళ్ళు మిరపను పడమటి తీరానికి తెచ్చారు. శ్రీకృష్ణదేవరాయలు 1509లో సింహాసనం ఎక్కేనాటికి మన పొలాల్లో మిరపతోటలు లేవు, కారం కావాలంటే మిరియాలే. ఈనాడు సీమ కారం అని మనం గొప్పగా చెప్పుకుంటున్నది రాయలవారు పట్టాభిషేకంనాడు తిని వుండని కారం! (ఆమాటకొస్తే ‘రాయలసీమ’ అనే పేరు కూడా 1928లో నంద్యాల సభల్లో ఖాయపడినదే. మిరపకాయకంటే చిన్నది.)

మిరప బయలుదేరిన ఆ దీవులకు తర్వాత మనవాళ్ళు వెళ్ళారు. చెరకుతోటల్లో పని చేయటానికి 1845 నుంచి ట్రినిడాడుకు కలకత్తా, మద్రాసు రేవుల నుంచి ఓడల్లో కూలీలను తరలించారు. ఫ్రెంచివారి ఏలుబడిలోని మార్టినిక్, గ్వాడెలూప్ దీవులకు 1853-54 నుంచి పాండిచ్చేరి వైపునుంచి తీసుకుపోయారు. మద్రాసు రాజధానికి చెందిన తమిళులు, తెలుగువాళ్ళు వాళ్ళలో వున్నారు. బానిసలుగా అంతకుముందే అక్కడికి తెచ్చిపడేసిన ఆఫ్రికావాళ్ళ బెండకాయలు, ఆకుకూరల పక్కన మన పసుపు, ధనియాలు, జీలకర్ర చేరాయి. ఈనాడు గ్వాడెలూప్‌లో ‘కొలంబో’ అనే మసాలా కూర అందరి యిళ్ళలోనూ వండుతారు. ట్రినిడాడులో రొట్టె, శనగల కూర తినటానికి ఏ జాతివాళ్ళని ఎవరూ అడగరు. ఆ దీవిలోని తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి మన పిల్లలు రాసిన వ్యాసమే రాయమంటే, మన రొట్టెను వాడు తన సంప్రదాయ ఆహారమని రాస్తాడు. అందులో తప్పేముంది?

మరి కర్నూలు, కడప నేలల్లో మొదటినుంచీ వున్నవి ఏమీ లేవా అంటే, వున్నాయి. కడప జిల్లాలో కుందూ పరీవాహక ప్రాంతంలో పెద్దముడియం, హనుమంతరావుపేట అనే చోట్ల కొత్త రాతియుగపు ఊళ్ళ ఆనవాళ్ళు బయటపడ్డాయి. అక్కడి మట్టిని నీళ్ళలో కలిపి, పైకి తేలిన మాడిన గింజల్ని పరీక్షిస్తే ఉలవలు, పెసలు, అండుకొర్రలు కనిపించాయి. అంటే నాలుగువేల ఏళ్ళ క్రితం ఈ ఏటిగట్ల మీద ఉడికిన కూడు అది. ఉలవ మన దేశపు బిడ్డే. కంది కూడా మనదే. నువ్వులు, వంకాయ మన దేశంలోనే సాగులోకి వచ్చాయి. సంగటికి కాక, ఉలవచారుకు ఈ వాదం పెట్టి వుంటే ఆ కుర్రవాడు గెలిచేవాడు!

ఇంకొక తమాషా చూడండి. అతను పరాయిదన్న బిర్యానీలో మిరియాలు, ఏలకులు పడమటి కనుమలవి. అందులోని బియ్యం మన కె.సి. కాలువ కింద పండిందే అయివుండవచ్చు. పుట్టుకను బట్టి లెక్కవేస్తే ఊరిబిండికంటే బిర్యానీయే ఇక్కడికి దగ్గరి చుట్టం. అంతమాత్రాన ఊరిబిండి మనది కాకుండా పోతుందా? నా దృష్టిలో అసలు ఆ లెక్కే పొరపాటు. పంటకు పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ వుంటాయి. మెట్టినింట్లో దానితో ఏం చేశారన్నదే చూడాలి.

మనవాళ్ళు చేసింది తక్కువేమీ కాదు. మన జిల్లాల్లో సాలుకు ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప, అదీ సమయానికి పడదు. జొన్న, రాగి, సజ్జ, కొర్ర మొక్కలు బొగ్గుపులుసు గాలిని పట్టుకునే పద్ధతి వరి పద్ధతికంటే వేరు. ఆకులోకి వచ్చిన ఆ వాయువును ముందుగా ఒకచోట బిగబట్టి, తర్వాత పిండిపదార్థం తయారయ్యే చోటికి అందిస్తాయి. అందువల్ల ఆకు రంధ్రాలు ఎక్కువసేపు తెరుచుకుని వుండనక్కరలేదు, నీరు తక్కువ ఖర్చవుతుంది. ఈ సంగతి శాస్త్రజ్ఞులు 1960 తర్వాత తెలుసుకున్నారు. మన రైతు మాత్రం ఎండుతున్న చేనును చూసి ఏ పంట నిలుస్తుందో తన తాతల నాడే ఏరుకున్నాడు.

వంటలోనూ అంతే. గోధుమపిండి తడిపితే సాగుతుంది, అందులో గ్లూటెన్ అనే జిగురు మాంసకృత్తు వున్నది కాబట్టి. జొన్నపిండిలో ఆ జిగురు లేదు. చన్నీళ్ళతో కలిపి రొట్టె చేయబోతే విరిగిపోతుంది. మరి మా జేజి రొట్టె ఎలా చేసేది? మరిగే నీళ్ళు పోసి కలిపేది. వేడికి పిండిపదార్థం ఉబ్బి జిగటగా మారుతుంది, లేని జిగురుకు బదులు అదే పనిచేస్తుంది. అప్పుడు అరచేత్తో తట్టితే చంద్రబింబంలా గుండ్రంగా సాగుతుంది. సంగటికి ముందు నూకలు ఉడికించి, ఆ ఎసట్లో రాగిపిండి కుప్పగా పోసి, కలపకుండా మూత పెట్టి ఆవిరి పట్టనిస్తారు. తర్వాతే తెడ్డుతో గెలుకుతారు. ముందే కలిపితే పైన జిగురు కట్టి లోపల పచ్చిపిండి ఉండలు మిగులుతాయి. మిగిలిన సంగటిని నీళ్ళలో వేసి వుంచితే తెల్లవారేసరికి పులుస్తుంది, పాలను పెరుగు చేసేలాంటి సూక్ష్మజీవులే యిక్కడా పనిచేస్తాయి. ఆఫ్రికాలో పుట్టిన గింజకు ఈ విద్య మా ఊరి పొయ్యి దగ్గర అబ్బింది. దీనికి జేజి ఏ డిగ్రీ తీసుకోలేదు.

ఇప్పుడొక బాధ కూడా చెప్పాలి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. అది ఎన్నో యిళ్ళలో పస్తులు తప్పించింది, దాన్ని నేను తప్పు పట్టను. కాని వరి అన్నం తెల్లగా గౌరవంగా పీటమీద కూర్చున్నకొద్దీ, సంగటి, రొట్టె పేదల కూడు అయిపోయాయి. జొన్నరొట్టె తెచ్చిన పిల్లలు డబ్బామూత అడ్డం పెట్టుకుని తినటం నేను కళ్ళారా చూశాను. నూరు గ్రాముల రాగిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం వుంటుంది, పాలిష్ బియ్యంలో 10 మిల్లీగ్రాములకు అటూ యిటూ. ఈ లెక్క చెప్పినా మూత తీయలేదు. సిగ్గు లెక్కలకు లొంగదు. 2023లో ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం జరిపింది. ఆ యేడే మన రాష్ట్రపు బడుల్లో రాగిజావ యివ్వటం మొదలైంది. ఇప్పుడు పట్టణాల్లో కొర్రలు బియ్యంకంటే ఖరీదు. దానితోపాటు ‘చిరుధాన్యాలు తింటే ఏ రోగమైనా పోతుంది’ అనే ప్రచారమూ వచ్చింది. అదీ నాకు నచ్చదు. రాగి మంచి ఆహారం, మందు కాదు.

డబ్బామూత వెనుక దాచిన రొట్టె, ‘మనవి కావు’ అన్న సేమ్యా నాకు ఒకే జబ్బుకు రెండు గుర్తుల్లా తోస్తాయి. ఎదుటివాడి పళ్లెం చూసి మనిషికి విలువ కట్టటం ఆ జబ్బు. మన కడపలోనే దానికి ఎదురు నిలిచిన ఆచారం ఒకటి వున్నది. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరస్వామి గుడికి ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలు, బెల్లం, చింతపండు తీసుకుని వస్తారు. బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచనీ, స్వామి తమ యింటి అల్లుడనీ వాళ్ళ నమ్మకం. అల్లుడి యింటికి ఉత్త చేతులతో వెళ్ళరు గదా! ఆ చింతపండు ఆఫ్రికాది, ఆ బెల్లపు చెరకు న్యూగినీ దీవిది.

ఇదంతా తరగతిలో చెప్పటానికి రెండు పీరియడ్లు పట్టింది. చివర ఆ కుర్రవాడు లేచి, “అయితే వ్యాసం మొత్తం మళ్ళీ రాయాలా సార్?” అన్నాడు. అక్కరలేదు, ఒక్క వాక్యం కొట్టేయి చాలన్నాను. అతను కొట్టేశాడు. దాని పక్కన ఖాళీ వుంటే, సేమ్యా ఎలా వండుతారో ఆ రెండో బెంచీ అమ్మాయిని అడిగి రాసుకున్నాడు. గోధుమ పశ్చిమ ఆసియాదని కింద ఆ అమ్మాయే చేర్చింది.